గల్లీ మూలకి చెత్త పొయ్యకుండ ఎట్ల ఆపాలె – వరంగల్, హనుమకొండ, కాజీపేట వాళ్ల కోసం

మన దగ్గర ఏ కాలనీకి పోయినా ఇదే కథ. ట్రాన్స్‌ఫార్మర్ కింద గానీ, ఖాళీ ప్లాటు ముందర గానీ, మోరీ పక్కన గానీ ఒక కుప్ప ఉంటది, బల్దియా (మున్సిపల్ కార్పొరేషన్) వాళ్లు వచ్చి ఎత్తుకపోతరు, రెండు రోజులు కాంగనే మళ్ల అదే జాగల అదే కుప్ప. కొందరు బల్దియా పని చేస్తలేదు అంటరు, కొందరు జనాలకి బుద్ధి లేదు అంటరు, ఈ రెండు మాటలు అనుకుంట కూసుంటే ఆ కుప్ప ఎప్పటికీ పోదు. నేను చెప్పేది ఏందంటే, కుప్ప ఎత్తిపిచ్చుడు కంటే ముందు ఆ చెత్త ఎవరిది, వాళ్లు ఇంటికాడ బండిల ఎయ్యకుండ ఈడిదాక ఎందుకు తెస్తున్నరు అనేది తెల్సుకోవాలె. అది తెలిస్తే సగం పని అయినట్టే, తెల్వకుంటే ఎన్నిసార్లు ఎత్తినా డీజిల్ దండగ.

ఇది మనతోని కాని పని కూడా కాదు. 2012 అక్టోబర్‌ల క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ అని మన వరంగల్‌లనే పెట్టిన్రు, ఇంటింటికి పోయి తడి పొడి వేరే వేరే తీసుకునుడు ఎట్లనో వేరే ఊర్ల మున్సిపాలిటీల వాళ్లు మన గల్లీలల్ల తిరిగి నేర్చుకున్నరు. అంటే ఈ ఊర్ల అది ఒకసారి నడిచింది.

సరే, మొదలు చెయ్యాల్సింది కుప్పని చూసుడు. దూరం నుంచి ముక్కు మూసుకొని కాదు, చేతులకి మందం గ్లౌజులు, కాళ్లకి బూట్లు ఏసుకొని, ఒక కట్టె పట్టుకొని దగ్గరికి పోయి చూడాలె. ముడేసిన చిన్న నల్ల కవర్లు, అండ్ల కూరగాయల పొట్టు, చాయ్ పత్తి, పిల్లల డైపర్లు ఉంటే అవి చుట్టుపక్కల ఇండ్లయి. పెరుగు ప్యాకెట్లు, గుడ్ల పెంకులు, నూడుల్స్ కవర్లు, పార్సిల్ డబ్బాలు ఎక్కువ ఉంటే కిరాయి రూముల ఉండే పిల్లలయి, హనుమకొండల కోచింగ్‌ల కోసం వచ్చి ఉండేటోళ్లు మస్తుమంది ఉంటరు గదా. ఈకలు, పేగులు గోనె సంచిల ఉంటే చికెన్ షాపు. వందల కొద్ది పేపర్ ప్లేట్లు, వాటర్ గ్లాసులు ఒక్కసారే పడ్డయంటే ఫంక్షన్. ఇటుక ముక్కలు, టైల్స్, సిమెంటు సంచులు అంటే ఎవరో ఇల్లు కూలగొట్టిన్రు లేకపోతే బాత్రూమ్ రిపేర్ చేపిచ్చిన్రు. సూదులు, సెలైన్ పైపులు, రక్తం దూది కనిపిస్తే మాత్రం ఆడికే ఆగిపోండి, అది ముట్టుకునేది కాదు, దాని గురించి కింద చెప్త.

కొరియర్ కవర్ల మీద, కరెంటు బిల్లుల మీద, మందుల చీటీల మీద అడ్రసులు ఉంటయి, వాటితోని ఏ వైపు నుంచి వస్తుందో తెలుస్తది. ఆ చీటీలు ఫోటో తీసి గ్రూపుల పెట్టి ఇజ్జత్ తీయకండి, అది మీ అందాజ కోసమే. అట్లనే ఏ టైముకి పడుతుందో కూడా చూడాలె, ఒక వారం దినాలు ఆ మూల మీద ఉన్న కిరాణా షాపాయనని, పొద్దుగాల వాకింగ్ పోయేటోళ్లని, పాలు పోసేటాయనని అడిగితే సరిపోతది, వాళ్లకి అంతా తెల్సు. పొద్దుగాల ఆఫీసుకి పోయేటప్పుడు బండి మీద నుంచి విసిరేసి పోయేటోళ్లు వేరు, రాత్రి పదకొండు దాటినంక ట్రాక్టర్‌ల తెచ్చి గుమ్మరించేటోళ్లు వేరు, ఈ రెండిటికి మందు ఒకటి కాదు.

ఇండ్ల చెత్తనే అయితే నూటికి తొంభై సార్లు సమస్య ఇంటింటికి వచ్చే చెత్త ఆటో టైమింగ్‌లనే ఉంటది, ఇది నేను గట్టిగ నమ్ముత. మొగుడు పెండ్లాం ఇద్దరు పొద్దుగాల ఏడింటికి పనికి పోతరు, స్వచ్ఛ ఆటో ఎనిమిదిన్నరకి వస్తది, ఇంట్ల ఎవ్వరు ఉండరు, తడి చెత్త మూడు రోజులు ఉంటే పురుగులు పడుతయి, ఇగ వాళ్లు ఏం చేస్తరు, పోయేటప్పుడు కవర్ తీసుకపోయి మూల మీద ఏస్తరు. ఇరుకు సందుల లోపటి ఇండ్లకి ఆటో పోదు, మెయిన్ రోడ్డు మీదనే పాట పెట్టుకుంట పోతది, పై అంతస్తుల ఉన్న ముసలమ్మ దిగేలోపు బండి పోతది. గేటు తాళం ఏసిన ఇండ్లు, మూడో అంతస్తు కిరాయి రూములు, ఇవన్నీ గంతే. వీళ్లని తిట్టితే రేపు రాత్రిపూట ఏస్తరు, అంతకంటే ఏం మారదు.

అందుకే ముందు ఆటో డ్రైవరన్నతోని మాట్లాడాలె. మర్యాదగ, ఆపి, చాయ్ తాపిచ్చి అడగండి, "అన్నా, మీ రూట్ యాడ మొదలైతది, మా గల్లీకి ఎన్నింటికి వస్తరు, ఏ ఇండ్లోళ్లు ఎయ్యరు" అని. ఏ ఇల్లు బండికి ఎయ్యదో ఆయనకి తెల్సినంత ఇంకెవ్వరికి తెల్వదు. తర్వాత జవాను, అంటే సఫాయి పని దగ్గరుండి చూసుకునేటాయన, ఆ పైన శానిటరీ ఇన్‌స్పెక్టర్. రూట్ తిప్పేస్తే, అంటే చివర వచ్చే గల్లీకి ముందు వచ్చేటట్టు చేస్తే చానా కాడ కుప్ప సగానికి సగం తగ్గుతది, దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. అది కుదరకపోతే మూత ఉన్న బకెట్ గేటు లోపలి పక్కకి పెట్టి, ఆటో వచ్చినప్పుడు పక్కింటోళ్లు అందిచ్చేటట్టు మాట్లాడుకోవాలె. కిరాయి బిల్డింగులకి మాత్రం ఓనర్‌నే పట్టుకోవాలె, కిందికి రెండు పెద్ద డబ్బాలు పెట్టు, వాచ్‌మెన్‌కో ఎవరికో చెప్పు అని, కిరాయి తీసుకునేటాయనకి ఆ బాధ్యత ఉంటది గదా.

ఇంటింటికి పోయి చెప్పేటప్పుడు కూడా పద్ధతి ఉంటది. "మీరే ఏస్తున్నరు" అని మొదలుపెడితే తలుపు మూస్తరు. "వదినా, ఆటో మీ ఇంటికాడ ఆగుతుందా, ఎన్నింటికి వస్తే మీకు అందుతది" అని అడిగితే వాళ్లే చెప్పుకుంటరు. ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి సాయంత్రం పూట పోతే బాగ పని అయితది, సంఘం మీటింగుల మహిళా గ్రూపు వాళ్లని అడగండి.

తడి పొడి వేరు చేసుడు గురించి ఎక్కువ చెప్పను, అందరికి తెల్సినదే, 2016 ఘన వ్యర్థాల రూల్స్‌లనే ఇంటికాడనే వేరు చెయ్యాలె అని రాసిండ్రు, ప్యాడ్లు డైపర్లు పేపర్‌ల చుట్టి విడిగ ఇయ్యాలె. అంతా కలిపి ఇస్తే అది పోయి రాంపూర్ డంప్ యార్డుల పడుతది, మడికొండ చుట్టుపక్కల వాళ్లు ఆ పొగ, ఆ వాసన ఏండ్ల నుంచి భరిస్తున్నరు. మన గల్లీ శుభ్రం కావాలంటే వాళ్ల ఊపిరి పోవుడు న్యాయం కాదు.

ఇగ షాపులు, ట్రాక్టర్లు. చికెన్ షాపు, హోటల్, బొండాల బండి వీళ్లకి ముందు నేరుగ పోయి చెప్పాలె, ఒకసారి, నెమ్మదిగ, మీ వేస్ట్ ఎవరు తీసుకపోతున్నరు అని. వినకపోతే ట్రేడ్ లైసెన్స్ ఇచ్చేది కార్పొరేషనే కాబట్టి శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి షాపు పేరు పెట్టి రాసి ఇయ్యాలె, ఫైన్ ఏసి నోటీసు ఇస్తే లైసెన్స్ రెన్యువల్ టైముకి అది వాళ్ల మెడకి పడుతది. ఫంక్షన్లకి కూడా రూల్ ఉంది, లైసెన్స్ లేని జాగల వంద మందికి మించి పిలిచి చేస్తుంటే మూడు పని దినాల ముందే మున్సిపాలిటీకి చెప్పాలె, చెత్త వేరు చేసి అప్పజెప్పాలె, ఇది కూడా 2016 రూల్స్‌ల రాసిందే. పెండ్లిళ్ల సీజన్ ముందు మీ దగ్గరి ఫంక్షన్ హాల్ మేనేజర్‌కి కూడా చెత్త వేరు చేసి అప్పజెప్పాలె అని చెప్పి పెట్టండి.

ఇల్లు కూలగొట్టిన రాళ్లు ఇటుకలకి ఇంకో ఉపాయం ఉంది, అదే ఏరియాల ఎవరో ఒకరు ప్లాటు ఎత్తు పెంచుకునేటోళ్లు, పునాది నింపుకునేటోళ్లు ఉంటరు, మేస్త్రీలని అడిగితే చెప్తరు, ఇయ్యేటోళ్లని తీసుకునేటోళ్లని కలిపితే ట్రాక్టరాయన రాత్రిపూట దొంగతనంగ పొయ్యాల్సిన పని ఉండదు. రిపేర్ పెట్టుకున్న ఇంటి ఓనర్‌కి పని మొదలైన రోజే చెప్పాలె, ఎందుకంటే ఆయన ట్రాక్టర్‌కి పైసలు ఇచ్చి పంపుతడు, అది యాడ గుమ్మరిస్తడో ఆయనకి తెల్వది, అడగడు కూడా.

రాత్రిపూట పొయ్యంగ చూస్తే అడ్డం పోకండి. ఒక్కరే అసలు పోకండి. దూరం నుంచి బండి నంబర్, ట్రాలీ నంబర్, టైము కనిపించేటట్టు ఫోటో తీసుకోండి, కొట్లాట అయ్యేటట్టు ఉంటే 112కి చెయ్యండి. ఆ ఫోటో ఆఫీసుకి ఇయ్యాలె, కాలనీ వాట్సాప్‌ల పెట్టొద్దు, పెడితే సాయంత్రం వరకు ఆయనకి తెలుస్తది, తర్వాత లొల్లి మీ ఇంటికాడికి వస్తది. మూల మీద షాపులకి సీసీ కెమెరా ఉంటే కొద్దిగ అటు తిప్పమని అడిగితే సాలు, కొత్తది కొనే పని లేదు.

సూదులు, సెలైన్ బాటిళ్ల సంగతి. హాస్పిటల్ చెత్తకి వేరే రూల్స్ ఉన్నయి, 2016లనే వచ్చినయి, పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని రంగుల వారీగ వేరు చేసి ప్రత్యేకమైన ప్లాంటుకి పంపాలె, ఎంత చిన్న క్లినిక్ అయినా ల్యాబ్ అయినా అంతే. దొరికితే ముట్టకుండ ఫోటో తీసి, పిల్లలు కుక్కలు పోకుండ ఏదన్న అడ్డం పెట్టి, కార్పొరేషన్‌తోని పాటు కాలుష్య నియంత్రణ మండలి వరంగల్ ఆఫీసుకి, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసుకి కూడా రాసి ఇయ్యండి. సఫాయి అన్నలు అక్కలు గ్లౌజులు లేకుండ ఎత్తుతుంటే మీరే ఆపి చెప్పాలె, ఒక్క సూది గుచ్చుకుంటే ఆ మనిషి ఇల్లంతా ఆగమైతది.

కంప్లైంట్ ఇచ్చే ముందు ఇంకోటి తెల్సుకోవాలె, ఆ జాగ ఎవరిది. చానా కంప్లైంట్లు ఈడనే చస్తయి, ఒక ఆఫీసోళ్లు మాది కాదంటరు, ఇంకో ఆఫీసోళ్లు మాది కాదంటరు. రోడ్డు, మోరీ అయితే కార్పొరేషన్. కాజీపేట దిక్కు పట్టాల పక్క అయితే రైల్వే. చెరువు శిఖం, అంటే చెరువు లోపటి భూమి అయితే ఇరిగేషన్, రెవెన్యూ. ఖిలా వరంగల్ కోట గోడల దగ్గర అయితే కేంద్ర పురావస్తు శాఖ. ప్రైవేటు ఖాళీ ప్లాటు అయితే దాని ఓనర్, ఆయన హైదరాబాద్‌ల ఉండొచ్చు అమెరికాల ఉండొచ్చు కానీ ఖాళీ జాగ పన్ను కడుతుంటే కార్పొరేషన్ దగ్గర ఆయన పేరు అడ్రసు ఉంటది, నోటీసు ఇచ్చి చుట్టు కంచె ఏపిచ్చమని మీరు రాసి అడగొచ్చు. చుట్టం ద్వారానో బ్రోకర్ ద్వారానో ఫోన్ నంబర్ దొరికితే ఇంకా తొందరగ అయితది, ప్లాటుల చెత్త ఉంటే రేటు పోతది అని ఆయనకి కూడా తెల్సు.

కంప్లైంట్ ఎట్ల ఇయ్యాలె అంటే, మొదలు స్వచ్ఛతా యాప్. ఫోటో తీస్తే లొకేషన్ అదే పడుతది, ఒక నంబర్ వస్తది, ఆ నంబర్ దాచుకోవాలె. పది ఇండ్లోళ్లు ఒకే కుప్పకి పెడితే ఇంకా మంచిది. దానితోని కాకపోతే కాయితం మీద. సోమవారం ప్రజావాణి ఉంటది, కలెక్టరేట్‌ల, అట్లనే బల్దియా ఆఫీసుల కూడా తీసుకుంటరు, రెండు కాపీలు తీసుకపోయి ఒకదాని మీద ముద్ర, తేదీ ఏపిచ్చుకొని రావాలె, ముద్ర లేని కాయితం ఇచ్చినా ఇయ్యనట్టే. కార్పొరేటర్‌కి ఒక కాపీ ఇయ్యండి, 66 డివిజన్లల్ల మీది ఏదో నంబర్ తప్పకుండ రాయండి. జాగ గుర్తు కోసం "ఫలానా గుడి దగ్గర" అని రాస్తే దొరకదు, దగ్గర్ల ఉన్న కరెంటు స్తంభం మీద పెయింట్‌తోని రాసిన నంబర్ ఉంటది చూడండి, అది రాయాలె, స్తంభం ఎటూ పోదు కాబట్టి ఎవ్వరు వచ్చినా సీదా ఆడికే వస్తరు.

ఇట్ల రాస్తే సాలు:

"కమిషనర్ గారికి, మా డివిజన్ నంబర్ ఫలానా, ఫలానా కాలనీలో ఫలానా నంబర్ కరెంటు స్తంభం పక్కన రోడ్డు మీద చెత్త పోస్తున్నారు. యాప్‌లో ఫలానా తేదీల్లో ఫిర్యాదు చేశాము, నంబర్లు కింద రాశాము. చెత్త ఎత్తిన రెండు రోజులకే మళ్లీ పడుతున్నది. మా కోరిక మూడు పనులు. ఒకటి, స్వచ్ఛ ఆటో మా గల్లీకి పొద్దున 6:30 లోపు వచ్చేటట్టు రూట్ మార్చాలి. రెండు, ఫలానా షాపుకు నోటీసు ఇవ్వాలి. మూడు, ఈ స్థలంలో ఒక వీధి లైటు వేయాలి. ఫోటోలు జతచేశాము."

కింద ఒక్కరి సంతకం కాదు, ఎంత మంది అయితే అంత మంది సంతకాలు, ఇంటి నంబర్లతోని. చూసిండ్రా, చెత్త ఎత్తండి అని ఒక్క మాట కూడా అడగలే, ఎత్తుడు వాళ్లు ఎట్లయినా చేస్తరు, మనకి కావాల్సింది మళ్ల పడకుండ ఉండుడు.

ఎత్తే రోజు కోసం జేసీబీ, ట్రాక్టర్ ఎప్పుడు వస్తదో ఇన్‌స్పెక్టర్‌తోని ముందే మాట్లాడుకొని ఆదివారం పెట్టుకోండి, అందరు ఇంటికాడ ఉంటరు. ఎత్తినంక కింద మట్టి చదును చేపిచ్చి బ్లీచింగ్ సల్లిపియ్యాలె. ఏం చేసినా నిప్పు పెట్టొద్దు. 2016 డిసెంబర్‌ల గ్రీన్ ట్రిబ్యునల్, అంటే పర్యావరణ కేసులు చూసే కోర్టు, బయట చెత్త కాల్చితే 5,000 రూపాయలు, ఎక్కువ మొత్తంల కాల్చితే 25,000 అని ఆర్డర్ ఇచ్చింది, పైసల సంగతి పక్కన పెట్టినా ప్లాస్టిక్ పొగ మన పిల్లలే పీలుస్తరు. పాత టైర్లు, కొబ్బరి బొండాలు మాత్రం ఒక్కటి కూడా వదలకండి, అండ్ల నిలిచిన వాన నీళ్లల్ల డెంగీ దోమ వారం పది రోజులల్ల గుడ్డు నుంచి దోమ అయితది.

అసలు పని ఆ రోజు సాయంత్రం నుంచే మొదలైతది. ఖాళీ జాగ ఒక్క కవర్ పడేదాకనే ఖాళీ, ఒక్క కవర్ పడ్డదంటే పొద్దున వరకు ఇరవై అయితయి. అందుకే మొదటి మూడు వారాలు పొద్దుగాల ఆరు నుంచి ఎనిమిది దాక, రాత్రి ఎనిమిది నుంచి పది దాక ఎవరో ఒకరు ఆడ కుర్చీ ఏసుకొని కూసోవాలె, వంతులు ఏసుకోండి, రిటైర్ అయిన పెద్దమనుషులు దీనికి సంతోషంగ వస్తరు. ఎవరన్న కవర్ పట్టుకొని వస్తే ఏం అనొద్దు, ఆటో టైము చెప్పి కవర్ వాపస్ పట్టుకపొమ్మనండి, లేకపోతే మీరే తీసుకొని పక్కకి పెట్టి పొద్దున ఆటోల ఎయ్యండి. పొరపాటున ఒక కవర్ పడితే గంటల తీసేయాలె, పొద్దటిదాక ఉంచొద్దు.

ఆఫీసోళ్లు ఇసొంటి జాగలని జీవీపీ (గార్బేజ్ వల్నరబుల్ పాయింట్, మళ్ల మళ్ల చెత్త పడే జాగ) అంటరు, ఎత్తినంక ముగ్గు ఏపిస్తరు. ముగ్గు మంచిదే, కానీ ఒక్క రోజు ఏసి వదిలేస్తే లాభం లేదు, ఎదురింటి అక్క రోజు తన వాకిలితోని పాటు అది కూడా ఊడ్చి ఏస్తే నిలబడుతది. లైటు, రెండు సిమెంటు బెంచీలు, కానుగ చెట్టు, ఇవి ముగ్గు కంటే గట్టివి. బతుకమ్మ ఆడే జాగ చేస్తే ఇంకా గట్టిది, ఆ తొమ్మిది రోజులు వాడంతా ఆడనే ఉంటది కాబట్టి. గోడకి దేవుళ్ల టైల్స్ పెట్టుడు నాకు ఇష్టం ఉండదు, చెత్త ఆగనే ఆగదు, పక్కకి జరిగి పడుతది, దేవుని ముందర కంపు. "చెత్త వేయరాదు, జరిమానా" అని బోర్డు కంటే "ఆటో 6:30కి వస్తది, తప్పిపోతే ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి" అని రాసిన బోర్డు ఎక్కువ పని చేస్తది, ఎందుకంటే అది దారి చూపిస్తది.

ఇంత చేసినా ఆఫీసోళ్లు కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఏయండి, పది రూపాయల ఫీజు, ముప్పై రోజులల్ల జవాబు ఇయ్యాలె, ఇయ్యకపోతే ఇంకో ముప్పై రోజులల్ల మొదటి అప్పీలు. అడగాల్సింది ఎందుకు చెయ్యలేదు అని కాదు, కాయితం అడగాలె. మా గల్లీ స్వచ్ఛ ఆటో రూట్ మ్యాప్, పోయిన నెల ట్రిప్పుల రికార్డు, మా డివిజన్‌ల ఈ ఏడాది చెత్త ఏసినందుకు ఏసిన ఫైన్ల రసీదు కాపీలు, ఇట్ల. ఆ దరఖాస్తు లోపల చేతులు మారంగనే ఆటో టైముకి వచ్చుడు మొదలైతది చానాసార్లు.

ఆ పైన ఆర్డీవో. పబ్లిక్ న్యూసెన్స్, అంటే నలుగురికి ఇబ్బంది అయ్యేది, తీపిచ్చే అధికారం బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 152 సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌గ ఆయనకి ఉంది, ఇదివరకు సీఆర్‌పీసీ 133 అనేటోళ్లు. దీని మీదనే 1980 సంవత్సరంల రత్లాం మున్సిపాలిటీ కేసుల సుప్రీంకోర్టు పైసలు లేవు అని మున్సిపాలిటీ తప్పించుకోరాదు అని చెప్పింది, మీ అర్జీల ఆ కేసు పేరు ఒక లైను రాయండి. చెరువులు, పెద్ద డంపులు లాంటివి అయితే చెన్నైల గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ ఉంది, కానీ ఒక గల్లీ మూల కోసం ఆడిదాక పోయే అవసరం రాదు.

నాలా, చెరువు పక్కన అయితే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. 2020 ఆగస్టుల, మళ్ల 2023 జూలైల నీళ్లు ఇండ్లల్లకి ఎట్ల వచ్చినయో నయీంనగర్ దిక్కు వాళ్లని అడిగితే చెప్తరు. కబ్జాలు, నాలా ఇరుకుడు పెద్ద కారణం, కాదంటలేను, కానీ కల్వర్టు నోటికాడ పాత పరుపు, థర్మాకోల్, సీసాల సంచులు అడ్డం పడితే ఉన్న కొద్ది దారి కూడా మూసుకపోతది. మే నెలలనే, రోహిణి కార్తె ఎండలల్ల మీ ఏరియా కల్వర్టులు ఫోటోలు తీసి ఇయ్యండి, మృగశిర వచ్చినంక జేసీబీ దొరకదు. వడ్డేపల్లి చెరువు, ధర్మసాగర్ చెరువు అంటే మనం తాగే నీళ్లు, ఆ కట్ట మీద బండి ఆపి కవర్ విసిరేటోళ్లు కనిపిస్తే ఆపి చెప్పండి, సిగ్గు పడొద్దు.

ఊర్లల్ల అయితే పని ఇంకా సులువు, 2019ల పల్లె ప్రగతి మొదలైనంక ప్రతి గ్రామ పంచాయతీకి ట్రాక్టర్, ట్రాలీ వచ్చినయి, డంపింగ్ యార్డు, ఎరువు షెడ్డు కట్టిన్రు. చెత్త మళ్ల ఊరి బయట రోడ్డు పక్కన పడుతుందంటే ట్రాక్టర్ తిరుగుతలేదు అన్నట్టు, డీజిల్ లేదా, డ్రైవర్ జీతం ఆగిందా, ఏది అనేది పంచాయతీ సెక్రటరీని అడగండి, గ్రామసభల లేచి అడిగి తీర్మానం పుస్తకంల రాపియ్యండి. అప్పటికీ కాకపోతే ఎంపీవో (మండల పంచాయతీ అధికారి), ఆ పైన డీపీవో (జిల్లా పంచాయతీ అధికారి).

ఇంకోటి, మీ మూల క్లీన్ అయినంక అదే చెత్త పక్క గల్లీల తేలితే వాళ్లతోని లొల్లి పెట్టుకోకండి. జవాను ఒక్కడే, ఆటో ఒక్కటే, రెండు గల్లీలోళ్లు కలిసి కూసొని రూట్ మొత్తానికి ఒక్కటే కాయితం రాసి రెండు వైపుల సంతకాలు పెట్టి సోమవారం పట్టుకపోండి.